రెండేళ్లకని వచ్చాం: జపాన్‌లో పిల్లల్ని పెంచే ఇంటి లెక్కలు

జపాన్ ప్రభుత్వ బడిలో ఒకటో తరగతి పిల్లలకు లెక్కల పెట్టె ఒకటి ఉంటుంది. లెక్కపెట్టుకునే పుల్లలు, రంగు బిళ్లలు, ఆట నాణేలు, ముళ్లు తిప్పే బుల్లి గడియారం అందులో ఉంటాయి. ప్రతి పుల్ల మీదా, ప్రతి బిళ్ల మీదా బిడ్డ పేరు ఉండాలి. 2021 మార్చిలో, మా అమ్మాయి బడిలో చేరే ముందు, గోరంత స్టిక్కర్లు పట్టుకుని మూడు రాత్రులు కూర్చున్నాను. మూడో రాత్రి మా ఆయన పక్కన చేరి, తనూ నాలుగు అంటించి, "రెండేళ్లు చూసి వెళ్లిపోదామనే కదా వచ్చాం" అన్నారు. అప్పటికి ఆయన వచ్చి ఎనిమిదేళ్లు, నేను వచ్చి ఏడేళ్లు.

జపాన్ రావాలనుకునే మనవాళ్లు నన్ను వీసా సంగతి ఒకసారి, జీతం సంగతి ఒకసారి, బడి సంగతి ఇంకోసారి అడుగుతారు. విడివిడిగా చూస్తే ఏదీ కష్టంగా ఉండదు. కానీ ఇక్కడ ఇవన్నీ ఒకే తాడు మీద పడ్డ ముడులు. ఒకటి వదులు చేస్తే ఇంకోటి బిగుస్తుంది. ఉండాలా వెళ్లాలా అన్నది అమ్మానాన్నలు తేల్చుకునే విషయమని అనుకుంటాం. ఈ ముడుల మధ్య పదేళ్లు గడిచాక చూస్తే, దాన్ని తేల్చేది బిడ్డ వయసు.

చిరునామాతో మొదలు

టోక్యో విమానాశ్రయంలో మనకిచ్చే నివాస కార్డును జైర్యూ కార్డు అంటారు. దాని మీద చిరునామా ఉండదు. ఇల్లు కుదిరిన 14 రోజుల్లోగా కుయకుషోకు, అంటే వార్డు ఆఫీసుకు, వెళ్తే కార్డు వెనక రాసిస్తారు. 2012 జూలై వరకు విదేశీయులకు వేరే రిజిస్టరు ఉండేది. అప్పటి నుంచి జపనీయులతో పాటు మనల్నీ ఒకే నివాసుల రిజిస్టరులో కుటుంబంగా నమోదు చేస్తున్నారు. మన జీవితంలో మిగతాదంతా ఆ నమోదు నుంచే వస్తుంది. మన ఆధార్ లాంటి 12 అంకెల మై నంబరు, టీకాల కాగితాలు, పిల్లల భత్యం, బడి గురించిన ఉత్తరం, అన్నీ ఆ చిరునామాకే.

ఈ వ్యవస్థ ఇచ్చేది తక్కువేం కాదు. పిల్లల భత్యం మూడేళ్లలోపు బిడ్డకు నెలకు 15 వేల యెన్‌లు, ఆపైన 10 వేలు. 2024 అక్టోబరు నుంచి ఆదాయ పరిమితి తీసేసి, హైస్కూలు వయసు దాకా పొడిగించారు. మూడో బిడ్డ ఉంటే ఆ బిడ్డకు 30 వేలు. టోక్యో 23 వార్డుల్లో 2023 ఏప్రిల్ నుంచి హైస్కూలు వయసు దాకా పిల్లల వైద్యానికి జేబులోంచి పెట్టాల్సిన పని లేదు. మామూలు కాన్పు మాత్రం ఆరోగ్య బీమా కిందకి రాదు. దానికి విడిగా ఒక మొత్తం ఇస్తారు. మా అమ్మాయి పుట్టిన 2015లో అది 4 లక్షల 20 వేల యెన్‌లు, 2023 ఏప్రిల్ నుంచి 5 లక్షలు. ఇక్కడ పుట్టినంత మాత్రాన బిడ్డకు జపాన్ పౌరసత్వం రాదని కూడా తెలిసి ఉండాలి. పుట్టిన 14 రోజుల్లోగా వార్డు ఆఫీసులో నమోదు, 30 రోజుల్లోగా ఇమ్మిగ్రేషన్‌లో బిడ్డ పేరున నివాస అనుమతి. బాలింత ఉన్న ఇంట్లో ఈ రెండు తేదీలూ తండ్రే గుర్తు పెట్టుకోవాలి.

అయితే ఆ చిరునామా దొరకడమే కష్టం. న్యాయశాఖ 2016 చివర్లో చేయించిన సర్వేలో, ఇల్లు వెతికిన విదేశీయుల్లో 39.3 శాతం మంది విదేశీయులన్న కారణంతోనే తిరస్కరణకు గురయ్యామని చెప్పారు. టోక్యోలో మనవాళ్లంతా ఎదొగావా వార్డులో నిషికసాయి చుట్టూ ఎందుకు చేరారో అర్థం కావాలంటే ఇది తెలియాలి. 2000 నాటి కంప్యూటర్ల తేదీ సమస్య కోసం వచ్చిన ఇంజినీర్లకు అక్కడ యూఆర్ అనే ప్రభుత్వ సంస్థ అద్దెకిచ్చే అపార్టుమెంట్లు అక్కరకొచ్చాయి. వాటికి యజమానికిచ్చే 'కృతజ్ఞత డబ్బు' అక్కర్లేదు, జామీను మనిషీ అక్కర్లేదు. బ్యాంకులున్న ఓతెమాచికి తోజాయి లైనులో నేరుగా వెళ్లిపోవచ్చు. మనవాళ్లు పెరిగేకొద్దీ కరివేపాకూ చింతపండూ దొరికే కొట్లు వచ్చాయి, బడులూ వచ్చాయి.

డబ్బు లెక్కలో మూడు మలుపులు

మొదటి మలుపు రెండో ఏడాది జూన్. జూమిన్‌జే అనే స్థానిక పన్నును నిరుటి ఆదాయం మీద సుమారు 10 శాతం లెక్కన జూన్ నుంచి కోస్తారు. మొదటి ఏడాది నిరుటి ఆదాయం ఇక్కడ లేదు కాబట్టి కోత లేదు. ఆ చేతికొచ్చే జీతాన్ని చూసి పెద్ద ఇల్లు తీసుకున్నవాళ్లు మరుసటి జూన్‌లో ఇబ్బంది పడతారు. ఈ పన్ను జనవరి 1న ఏ ఊళ్లో నివాసం ఉంటే ఆ ఊరికి కట్టాలి. తిరిగి వెళ్లేవాళ్లు డిసెంబరు ఆఖరుకే ఎందుకు విమానం ఎక్కుతారో ఇప్పుడు అర్థమవుతుంది. జనవరి 2న వెళ్తే గడిచిన ఏడాది మొత్తానికీ పన్ను కట్టే వెళ్లాలి.

రెండోది, ఇంటికి పంపే డబ్బు. అమ్మానాన్నల్ని ఆధారపడినవాళ్లుగా చూపిస్తే పన్ను తగ్గుతుంది. 2023 నుంచి నిబంధన మారింది. విదేశంలో ఉన్న 30 నుంచి 69 ఏళ్ల మధ్యవాళ్లకైతే, ఒక్కొక్కరికీ ఏడాదికి కనీసం 3 లక్షల 80 వేల యెన్‌లు పంపినట్టు రుజువు కావాలి (జపాన్ నుంచి చదువు కోసం విదేశానికి వెళ్లినవాళ్లకు, వికలాంగులకు మినహాయింపు ఉంది). ఇద్దరికీ కలిపి నాన్న ఖాతాలో వేస్తే అది నాన్న ఒక్కరి లెక్కలోకే వస్తుంది. అమ్మ పేరున విడిగా ఖాతా తెరిపించి పంపండి. పన్ను సంగతి అటుంచితే, అమ్మ చేతిలో తన పేరున డబ్బుండటమూ మంచిదే.

మూడోది పెన్షన్. అసలు చిక్కంతా ఇక్కడే. జీతంలో 18.3 శాతం పెన్షన్‌కు పోతుంది, సగం కంపెనీ, సగం మనం. కనీసం 10 ఏళ్లు కడితే ముసలితనంలో పెన్షన్ వస్తుంది. 2017 ఆగస్టుకు ముందు 25 ఏళ్లు కట్టాల్సి ఉండేది. పదేళ్లు నిండకుండా దేశం విడిచి వెళ్తే, రెండేళ్లలోగా దరఖాస్తు పెట్టుకుని కొంత మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. కానీ 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం, ఎన్నేళ్లు కట్టినా వెనక్కిచ్చేది గరిష్ఠంగా 5 ఏళ్లదే. ఏడేళ్లు కట్టి వెళ్లినవాళ్లకు రెండేళ్ల సొమ్ము అటు చేతికీ రాదు, ఇటు పెన్షనూ కాదు. రెంటికీ చెడ్డ రేవడి. దీనికో దారి ఉంది, చాలామందికి తెలియదు. 2016 అక్టోబరు 1 నుంచి భారత్, జపాన్‌ల మధ్య సామాజిక భద్రత ఒప్పందం అమల్లో ఉంది. ఇండియాలో పీఎఫ్ పెన్షన్ పథకంలో ఉన్న కాలాన్ని ఇక్కడి కాలంతో కలిపి పదేళ్లు చూపించుకోవచ్చు. ఒక్కసారి ఆ మొత్తం వెనక్కి తీసుకుంటే మాత్రం ఆ ఏళ్లు రికార్డులోంచి పోతాయి, కలపడానికి ఏమీ మిగలదు. వెళ్లేటప్పుడు అందరూ తీసుకుంటున్నారని మనమూ తీసుకోవడం కాదు. ముందు ఈ లెక్క వేసుకోవాలి.

శాశ్వత నివాసం, మనవాళ్ల మాటలో పీఆర్, దానికీ మామూలు దారిలో పదేళ్లే. అందులో కనీసం అయిదేళ్లు పని వీసా మీద ఉండాలి. పన్నులు, బీమా, పెన్షన్ కట్టారా లేదా అనే కాదు, గడువులోగా కట్టారా అని చూస్తారు. ఉద్యోగం మారేటప్పుడు మధ్యలో వచ్చే ఖాళీకి సొంతంగా కట్టాల్సిన జాతీయ పెన్షన్ మర్చిపోయి, దరఖాస్తు తిరస్కరణకు గురైనవాళ్లను చూశాను.

ఇప్పుడు ఈ రెండు పదేళ్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏడో ఏట వెళ్లిపోదామంటే పెన్షన్ నష్టం, పీఆర్ చేతికందే దూరం. ఇంకో మూడేళ్లే కదా అనిపిస్తుంది. ఆ మూడేళ్లలో ఇక్కడ పుట్టిన బిడ్డ బడిలో చేరి, ఆ భాషలో కుదురుకుంటుంది.

హోయికుఎన్ ముడి

నేను వచ్చింది కుటుంబ వీసా మీద. ఆ వీసాతో పని చేయాలంటే విడిగా అనుమతి కావాలి, అదీ వారానికి 28 గంటల వరకే. హోయికుఎన్ అంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్న శిశు సంరక్షణ కేంద్రం. అందులో సీటు పాయింట్ల మీద ఇస్తారు. తల్లి, తండ్రి వారానికి ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గంటలు పని చేస్తున్నారో చూసి పాయింట్లు వేస్తారు. ఇద్దరూ పూర్తి సమయం పని చేసే ఇల్లు ముందుంటుంది. 28 గంటల తల్లి వెనకబడుతుంది. పూర్తి సమయం పని కావాలంటే సొంత పని వీసా కావాలి. వీసా కావాలంటే ముందు ఉద్యోగం కావాలి. ఉద్యోగానికి భాష కావాలి. భాష నేర్చుకునే ఆ నాలుగు గంటలు బిడ్డను ఎవరికివ్వాలి? హోయికుఎన్‌కే.

నేను 2016 శరదృతువులో దరఖాస్తు పెట్టాను. ఫిబ్రవరిలో పల్చటి కవరొకటి వచ్చింది. విప్పకముందే అర్థమైంది. 2017 ఏప్రిల్‌లో దేశమంతటా సీటు దొరక్క నిరీక్షణ జాబితాలో ఉన్న పిల్లలు 26,081 మంది. ఆ జాబితాలో మా అమ్మాయి ఒకతి. ఇంజినీరింగ్ చదివి, నాలుగేళ్లు ఉద్యోగం చేసి వచ్చినదాన్ని. ఆ కవరు చేతిలో పట్టుకుని వంటగదిలో చాలాసేపు నిలబడిపోయాను. ఆ బాధ నా ఒక్కదానిదే కాదని ఆ తర్వాత తెలిసింది. పార్కులో కలిసే ప్రతి తల్లిదీ అదే కథ.

మా ఇంట్లో ఆ ముడి విప్పింది పెద్దవాళ్లు. తెనాలి నుంచి అమ్మ వచ్చి మూడు నెలలు, అమ్మ వెళ్లాక నల్గొండ నుంచి అత్తయ్య వచ్చి మూడు నెలలు. తల్లిదండ్రులకు మామూలుగా దొరికేది 90 రోజుల స్వల్పకాల వీసాయే, అందుకే ఆ వంతులు. ఆ ఆరు నెలల్లో జపనీస్ పరీక్ష ఒకటి గట్టెక్కి, చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని సంపాదించి, నా పేరున పని వీసాకు మారాను. మధ్యలో కొన్నాళ్లు గుర్తింపు లేని ప్రైవేటు కేంద్రానికి నా జీతంలో చాలా భాగం కట్టాం. 2018 ఏప్రిల్‌లో సీటొచ్చింది. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకు ఫీజు ఎత్తేసింది 2019 అక్టోబరులో.

ఇప్పుడు వచ్చేవాళ్ల పరిస్థితి మెరుగు. కేంద్రాలు పెరిగాయి, పుట్టే పిల్లలు తగ్గారు. 2024 ఏప్రిల్‌లో ఆ నిరీక్షణ జాబితా 2,567కు దిగింది. సీటొచ్చినా ఒకటి మాత్రం మారదు. బిడ్డ ఒళ్లు 37.5 డిగ్రీలు దాటితే ఫోన్ వస్తుంది, ఏ మీటింగులో ఉన్నా లేచి వెళ్లాలి. ఆ ఫోన్ తల్లికే రావాలన్న రూలేమీ లేదు. ఫారంలో మొదటి నంబరు తండ్రిది రాయండి.

పెద్దవాళ్లను ఎక్కువ కాలం ఉంచుకునే దారి ఒకటుంది. పాయింట్ల మీద ఇచ్చే ఉన్నత నైపుణ్య వీసా ఉంటే, ఇంటి ఆదాయం ఏడాదికి 80 లక్షల యెన్‌లకు తగ్గకపోతే, ఏడేళ్లలోపు బిడ్డ పెంపకం కోసం తల్లిదండ్రుల్ని పిలిపించుకోవచ్చు. అదీ ఒక వైపువాళ్లనే. మీ అమ్మానాన్నలా, మా అమ్మానాన్నలా అన్న ప్రశ్న ఇమ్మిగ్రేషన్ ఫారంలోంచి నేరుగా ఇంట్లోకి వచ్చేస్తుంది. పైగా పీఆర్ తీసుకుంటే ఈ వెసులుబాటు పోతుంది. అందుకే బిడ్డకు ఏడేళ్లు వచ్చేదాకా పీఆర్ అర్హత ఉన్నా ఆగే కుటుంబాలున్నాయి. నా మాట అడిగితే, అది సరైన లెక్కే. పీఆర్ తర్వాతైనా వస్తుంది. నాయనమ్మ ఒళ్లో కూర్చుని తెలుగు వినే వయసు మళ్లీ రాదు.

ఏ బడి

టోక్యోలో సీబీఎస్‌ఈ చెప్పే భారతీయ బడులున్నాయి. కోతో వార్డులో 2004లో ఒకటి, ఎదొగావాలో 2006లో ఇంకోటి మొదలయ్యాయి. రెండేళ్లలో వెళ్లడం ఖాయమైతే అవే మంచివి. ఫీజు మనమే భరించాలి, రానుపోను దూరం. వార్డు బడికి ట్యూషన్ ఫీజు లేదు, పాఠ్యపుస్తకాలు ఉచితం. విదేశీ పిల్లలకు చట్టప్రకారం నిర్బంధ విద్య వర్తించదు, కానీ అడిగితే చేర్చుకుంటారు. ఆ నిర్బంధం లేకపోవడం వల్ల కొందరు పిల్లలు ఏ బడికీ వెళ్లకుండా మిగిలిపోతున్నారు. 2019లో విద్యాశాఖ మొదటిసారి లెక్క తీస్తే అలాంటి అవకాశమున్న పిల్లలు సుమారు 20 వేల మంది తేలారు.

మేం వార్డు బడి ఎంచుకున్నాం. ఇంటి నుంచి అయిదు నిమిషాల నడక. పిల్లలు వాళ్లంతట వాళ్లే నడిచి వెళ్తారు, తరగతి గది వాళ్లే తుడుచుకుంటారు. కుర్చీకి పరిచిన మెత్త భూకంపం వస్తే తలకు టోపీ అవుతుంది. ఏడాదికోసారి, భూకంపం వచ్చినట్టుగానే, అమ్మానాన్నలు వెళ్లి బిడ్డను పేరు చెప్పి అప్పగించుకునే సాధన చేయిస్తారు. భోజనం దగ్గర మాత్రం శాకాహారులకు కష్టం. పప్పులాంటి సూపులోనూ చేప రసం ఉంటుంది. మా టీచరుగారు నెల ముందే వంటల పట్టిక ఇంటికి పంపేవారు. కుదరని రోజున ఇంటి డబ్బా పంపేదాన్ని.

భాష దగ్గరే మా అంచనా తప్పింది. ఆటల భాష ఏడాది రెండేళ్లలో వచ్చేస్తుంది. బిడ్డ గలగలా మాట్లాడుతుంటే అంతా వచ్చేసిందనుకుంటాం. పాఠం చదివి అర్థం చేసుకునే భాషకు అయిదేళ్లకు పైనే పడుతుంది. ఒకటో తరగతిలో చైనా లిపి నుంచి వచ్చిన కంజి అక్షరాలు 80, రెండులో 160, మూడులో 200. ఆరో తరగతి ముగిసేసరికి మొత్తం 1,026. మూడో తరగతి నుంచి సాంఘికం, సైన్సు పుస్తకాలు ఆ అక్షరాల్లోనే. ఇంట్లో వాటిని చదివి చెప్పేవాళ్లు లేని బిడ్డ సరిగ్గా అక్కడ వెనకబడుతుంది. ఇంగ్లీషు పాఠ్యాంశంగా మొదలయ్యేది అయిదో తరగతిలో. పదేళ్ల బిడ్డ తెలుగు చదవలేదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. చదవగలిగేది జపనీస్ ఒక్కటే. ఆ బిడ్డతో 'ఇక వెళ్లిపోదాం' అనడం పెద్ద మాట.

దానికి రెండు వైపులా గడువులున్నాయి. ఇక్కడ తొమ్మిదో తరగతితో నిర్బంధ విద్య అయిపోతుంది. 15 ఏళ్లకు హైస్కూలు ప్రవేశ పరీక్ష రాయాలి. దానికి తయారీ ఏడు, ఎనిమిది తరగతుల్లోనే మొదలవుతుంది. మన దగ్గర, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్లలో 85 శాతం స్థానికులకు. స్థానికుడు కావాలంటే ప్రధానంగా ఇంటర్ రెండో ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. అంటే తొమ్మిదో తరగతికల్లా ఊళ్లో ఉండాలి. తొమ్మిదిలో నేరుగా చేరి తట్టుకోవడం కష్టం కనుక, ఒకటి రెండేళ్లు ముందే వెళ్లాలి. రెండు దేశాల లెక్కలూ పన్నెండు, పదమూడేళ్ల దగ్గరకే వచ్చి ఆగుతున్నాయి. ఆపైన ఏ నెల ఆలస్యమైనా దాని బరువు బిడ్డ మోస్తుంది.

పీఆర్ ఉంది కదా, వెళ్లి రావచ్చనుకుంటారు. మామూలుగా ఏడాదికి మించి బయట ఉంటే అది పోతుంది. ముందే రీఎంట్రీ పర్మిట్, అంటే తిరిగొచ్చే అనుమతి, తీసుకుంటే గరిష్ఠంగా అయిదేళ్లు. అంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా అక్కడ చదివించి, గడువులోగా తిరిగొచ్చే దారి ఒకటి సన్నగా ఉంది. మేం ఇప్పుడు దాని గురించే ఆలోచిస్తున్నాం.

తెలుగును నిలబెట్టుకోవడంలో మాకు జపనీస్ భాషే సాయపడింది. క్రియ మనకులాగే వాక్యం చివర వస్తుంది. 'తిని చూడు' అన్నదాన్ని 'తబేతే మితే' అంటారు. తబేతే అంటే తిని, మిరు అంటే చూడటం. ఇంట్లోంచి బయల్దేరే మనిషి 'వెళ్తున్నా' అనకూడదని మన పెద్దలు నేర్పారు. ఇక్కడా అనరు. 'ఇత్తె కిమస్' అంటారు, మాటకు మాట 'వెళ్లి వస్తాను'. ఇంట్లో ఉన్నవాళ్లు 'వెళ్లి రా' అనే అర్థంలో బదులిస్తారు. మా అమ్మాయికి ఇది అయిదేళ్ల వయసులో తనకు తానే తట్టింది. అప్పటి నుంచి రెండు భాషలూ ఒకే ఇంట్లోవన్నట్టు కలిపి, 'అమ్మా, తబేతే చూడు' అని నోట్లో ముద్ద పెడుతుంది.

ఇప్పుడు అయిదో తరగతి. ఆరు 2027 మార్చిలో అయిపోతుంది. పోయిన వేసవిలో అమ్మ మళ్లీ 90 రోజులకు వచ్చింది. రోజూ పొద్దున్న బడి సంచి తగిలించుకుని పిల్ల గుమ్మంలో "ఇత్తె కిమస్" అంటే, అమ్మ వంటగదిలోంచి "వెళ్లిరా తల్లీ" అనేది. ఆ జవాబు ఎవరూ నేర్పలేదు. నరితాలో సెక్యూరిటీ గేటు దగ్గర అమ్మ "వెళ్లొస్తానే" అంది. పిల్ల అమ్మమ్మ చెయ్యి వదలకుండా, తెలుగులోనే, "నేను వస్తే నువ్వు ఊళ్లోనే ఉంటావు కదా?" అని అడిగింది.